మూడు వందల ఏళ్లు ఏలిన రాజు

కశ్మీర రాజుల చరిత్ర చెప్పే సంస్కృత కావ్యం రాజతరంగిణి. దాని మూడో తరంగంలో, అంటే మూడో భాగంలో, రణాదిత్యుడనే రాజు ఉన్నాడు. పూర్వజన్మలో అతడొక జూదరి. వింధ్యలో తుమ్మెదలు కాపలా కాసే భ్రమరవాసినీ దేవిని చూసి తీరాలని ఒళ్లంతా కవచం తొడుక్కుని బయలుదేరాడు. ఆ దేవే మరుజన్మలో రణారంభగా పుట్టి అతడికి రాణి అయింది. ఆమె ఉపదేశించిన మంత్రంతో అతడు చంద్రభాగ నీటిలోని గుహ గుండా పాతాళం చేరాడు. అతడు కశ్మీరాన్ని పాలించిన కాలం అక్షరాలా మూడు వందల ఏళ్లు.

ఇదే గ్రంథం ఎనిమిదో తరంగం తెరిస్తే మరో లోకంలోకి వచ్చినట్టుంటుంది. 1111లో ఉచ్చలుడు ఎలా హత్యకు గురయ్యాడో, 1128లో అతడి తమ్ముడు సుస్సలుడికి అదే గతి ఎలా పట్టిందో, మధ్యలో ఏ సామంతుడు ఎన్నిసార్లు పక్షం మార్చాడో, ముట్టడిలో నగరం ఎలా అల్లాడిందో వరుసగా నడుస్తుంది. పాతాళాలు లేవు, తుమ్మెదలు లేవు. మనుషులు, వాళ్ల భయాలు, వాళ్ల అప్పులు, వాళ్ల ద్రోహాలు మాత్రమే.

ఈ రెండూ రాసింది ఒకే మనిషి, కల్హణుడు. మొత్తం 7,826 శ్లోకాలు, ఎనిమిది తరంగాలు. 1148లో మొదలుపెట్టి మరో ఏడాదికల్లా పూర్తి చేశాడు. ఈ గ్రంథం గురించి జరిగే వాదాలన్నీ చివరకు ఒక ప్రశ్న దగ్గరకే వస్తాయి. దీన్ని నమ్మాలా, వద్దా? ఒక పక్షం ప్రతి అంకెనూ శాసనంగా తీసుకుంటుంది. ఇంకో పక్షం రణాదిత్యుడిని చూపించి మొత్తం పుస్తకాన్ని పక్కన పెడుతుంది. రెండు పక్షాలూ గ్రంథాన్ని ఒకే ముద్దగా చూస్తున్నాయని నా అభిప్రాయం. ఆ మూడు వందల ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో విప్పి చూస్తే, ఎక్కడ ఎంత నమ్మాలో కల్హణుడే మనకు చెప్పి పెట్టాడని తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. తాను రాస్తున్న సంవత్సరాన్ని కల్హణుడు మొదటి తరంగంలోనే చెప్పాడు:

లౌకికేఽబ్దే చతుర్వింశే శకకాలస్య సామ్ప్రతమ్
సప్తత్యాభ్యధికం యాతం సహస్రం పరివత్సరాః

లౌకిక సంవత్సరం 24 నడుస్తోంది, శకం 1070 ఏళ్లు గడిచాయి అని అర్థం. లౌకిక శకాన్ని కశ్మీరంలో సప్తర్షి శకమనీ అంటారు. సప్తర్షులు ఒక్కో నక్షత్రంలో నూరేళ్లు ఉంటారన్న నమ్మకం మీద నిలిచిన గణన కాబట్టి, వాడుకలో వందలు వదిలేసి మిగిలిన అంకె మాత్రమే రాసేవారు. మనం ‘డెబ్బై ఏడు ఉప్పెన’ అంటే అది 1977 దివిసీమ ఉప్పెన అని వినేవాడికి తెలుస్తుంది. అలాగే అక్కడ 24 అంటే 4224. దగ్గరి కాలానికి ఈ పద్ధతి హాయిగా ఉంటుంది. వెయ్యేళ్ల వెనక్కి వెళితే మాత్రం ఏ వందో తేల్చుకోలేక చరిత్రకారుడు చిక్కుల్లో పడతాడు.

శక సంవత్సరం 1070 అంటే కలియుగంలో 4249 ఏళ్లు గడిచాయని. కల్హణుడి చరిత్ర మొదటి గోనందుడితో మొదలవుతుంది. అతడు యుధిష్ఠిరుడి సమకాలికుడు. మరి యుధిష్ఠిరుడి కాలం ఎప్పుడు? ద్వాపరం చివర భారత యుద్ధం జరిగిందని అందరూ అంటున్నారు కానీ అది పొరపాటు అంటాడు కల్హణుడు. ఆయనకు ఆధారం ఖగోళ పండితుడు వరాహమిహిరుడి సూత్రం: శక సంవత్సరానికి 2526 కలిపితే యుధిష్ఠిరుడి నుంచి గడిచిన కాలం వస్తుంది. 1070కి 2526 కలిపితే 3596. దాన్ని 4249లోంచి తీసేస్తే 653. కలి 653లో గోనందుడు ఉన్నాడు. అక్కడి నుంచి 52 మంది రాజులకు 1266 ఏళ్లు. ఆ తర్వాత మూడో గోనందుడి నుంచి తన కాలం దాకా 2330 ఏళ్లు. కూడి చూడండి: 653, 1266, 2330 కలిస్తే సరిగ్గా 4249.

ఒక్క ఏడాది కూడా తేడా రాలేదు. చిక్కంతా ఈ కచ్చితత్వంలోనే ఉంది. ఖగోళ శాస్త్రం నుంచి తీసుకున్న ఒక సూత్రం ఈ చట్రానికి ఒక కొసను మేకు కొట్టి బిగించింది. రెండో కొస కల్హణుడి సొంత కాలం. మధ్యలో దొరికిన రాజులందరినీ ఈ పొడవుకు సరిపోయేలా పరచాలి. పేర్లేమో చాలవు. ఎక్కడో ఒకచోట గుడ్డ సాగదీయక తప్పదు. అలా సాగిన చోటే రణాదిత్యుడి మూడు వందల ఏళ్లు.

ఆ మూడు వందల్ని కల్హణుడు తానుగా కల్పించాడని నేను అనుకోను. ఆయనకు ముందున్న రాజుల జాబితాల్లోనే అది ఉండి ఉంటుంది. ఆ స్థాయి కవికి ఆ మూడు వందల ఏళ్లను పదిమంది రాజుల మధ్య పంచడం ఎంత పని? పది పేర్లు, పది కథలు అల్లేస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆయన ఆ పని చేయలేదు. ముడి ఉన్నచోట ముడిని కనబడేలానే ఉంచాడు. మొదటి 52 మంది రాజుల విషయంలోనూ అంతే. వాళ్లలో నలుగురి పేర్లు కశ్మీర స్థలపురాణమైన నీలమత పురాణంలో దొరికాయి. హేలారాజు ‘పార్థివావళి’ని అనుసరించిన పద్మమిహిరుడి ద్వారా ఎనిమిది, ఛవిల్లాకరుడి ద్వారా అశోకుడితో కలిపి ఐదు దొరికాయి. మొత్తం పదిహేడు. తక్కిన ముప్పై అయిదుగురి పేర్లు పోయాయని చెప్పి ఆ గళ్లు ఖాళీగా వదిలేశాడు. పన్నెండో శతాబ్దపు కవి తన పుస్తకంలో ఖాళీలు వదలడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

ఇక ఈ చట్రం ఎంత తప్పిందో బయటి ఆధారాలతో పోల్చి చూద్దాం. అశోకుడు క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం వాడు. కల్హణుడి లెక్కలో అతడు మూడో గోనందుడికి ముందువాడు, అంటే క్రీ.పూ. పన్నెండో శతాబ్దానికీ అవతలివాడు. ఏనుగు లోయలో పడి ఘీంకరిస్తే ముచ్చటపడి మరో వంద ఏనుగులను తోయించాడని చెప్పే మిహిరకులుడిది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఈ హూణరాజు శాసనం గ్వాలియర్‌లో దొరికింది. అతడిని తలవంచేలా చేశానన్న యశోధర్ముడి శాసనం మందసోర్‌లో ఉంది. ఇవన్నీ క్రీ.శ. ఆరో శతాబ్దానివి. కల్హణుడు మాత్రం అతడిని క్రీ.పూ. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కూర్చోబెట్టాడు. తేడా దాదాపు పన్నెండు వందల ఏళ్లు.

ఎనిమిదో శతాబ్దానికి రండి. కార్కోట వంశపు చంద్రాపీడుడు చైనాలోని తాంగ్ చక్రవర్తి దగ్గరకు దూతలను పంపాడు. 720లో చక్రవర్తి అతడిని రాజుగా గుర్తించినట్టు చైనా చరిత్రల్లో ఉంది. కల్హణుడి లెక్కలో చంద్రాపీడుడి పాలన 695 నాటికే ముగుస్తుంది. తేడా పాతిక ఏళ్లు. పన్నెండు వందల నుంచి పాతికకు దిగింది. నాలుగో తరంగం చివర, లౌకిక సంవత్సరం 3889 దగ్గర, అంటే 813-14 ప్రాంతంలో, కల్హణుడు మొదటిసారిగా ఒక రాజు మరణానికి సంవత్సరం ఇస్తాడు. అంతకుముందు ఫలానా రాజు ఇన్నేళ్లు పాలించాడన్న అంకెలే ఉంటాయి. అక్కడి నుంచి నేల గట్టిపడుతుంది. తొమ్మిదో శతాబ్దం చివరికే నెల, తిథి కూడా వస్తాయి.

శ్లోకాల పంపకం చూసినా ఇదే కనిపిస్తుంది. వెయ్యేళ్లకు పైగా కాలాన్ని చెప్పే మొదటి తరంగానికి 373 శ్లోకాలు చాలాయి. యాభై ఏళ్లు కూడా లేని ఎనిమిదో తరంగానికి దాదాపు 3,450 పట్టాయి. గ్రంథంలో దగ్గర దగ్గర సగం కల్హణుడి సొంత జీవితకాలమే.

తెలుగు పాఠకులకు ఈ మొదటి తరంగాలతో పరిచయం ఎక్కువ. విశ్వనాథ సత్యనారాయణ రాసిన ఆరు కాశ్మీర రాజవంశ నవలల్లో ‘యశోవతి’, ‘మిహిరకులుడు’, ‘భ్రమరవాసిని’ ఇక్కడి నుంచి వచ్చినవే. కోట వెంకటాచలం గారు కల్హణుడి కాలగణనను సమర్థిస్తూ, పాశ్చాత్య పండితుల నిర్ణయాలను ఖండిస్తూ గట్టిగా వాదించారు. వలస పాలకులు మన కాలాన్ని కుదించారన్న ఆవేదన ఆ వాదం వెనుక ఉంది. ఆ ఆవేదనను నేను గౌరవిస్తాను. కానీ ఒక రాజుకు మూడు వందల ఏళ్లు ఇస్తే తప్ప నిలబడని లెక్కను కాపాడితే కల్హణుడికి న్యాయం జరగదు. ఆయన అడిగింది అది కాదు. ఆయన అడిగింది ఇది:

శ్లాఘ్యః స ఏవ గుణవాన్ రాగద్వేషబహిష్కృతా
భూతార్థకథనే యస్య స్థేయస్యేవ సరస్వతీ

జరిగినదాన్ని చెప్పేటప్పుడు ఎవరి వాక్కు న్యాయమూర్తి వాక్కులా రాగద్వేషాలకు వెలుపల ఉంటుందో ఆ గుణవంతుడే మెచ్చదగినవాడు. ఈ శ్లోకంలో ఉన్న గొప్ప మాట ‘స్థేయుడు’. వాదప్రతివాదాలు విని తీర్పు చెప్పేవాడని అర్థం. కవి తనను తాను స్తుతిపాఠకుడితో కాక తీర్పరితో పోల్చుకున్నాడు. తీర్పరికి సాక్ష్యాలు కావాలి. అందుకే తన ముందున్న పదకొండు గ్రంథాలను, నీలమత పురాణాన్ని చూశానని చెప్పాడు. ఆలయ ప్రతిష్ఠల శాసనాలు, దానశాసనాలు, ప్రశస్తి ఫలకాలు, శాస్త్రగ్రంథాలు చూసి సందేహాల అలసట తీర్చుకున్నానన్నాడు. క్షేమేంద్రుడంతటి పండితుడు రాసిన ‘నృపావళి’లో అజాగ్రత్త వల్ల తప్పు లేని భాగమే లేదని నిర్మొహమాటంగా రాశాడు. బాణుడి హర్షచరిత్ర ఉంది, బిల్హణుడి విక్రమాంకదేవచరిత్ర ఉంది, శ్రీలంకలో పాళీ భాషలో మహావంశం ఉంది. రాజుల గురించి రాసినవాళ్లు లేకపోలేదు. తనకు ముందు రాసినవారి తప్పులు పట్టి, ఏ పేరు ఎక్కడ దొరికిందో చెప్పి, దొరకనిది దొరకలేదని ఒప్పుకోవడం కల్హణుడి ప్రత్యేకత.

అయితే ఆయన చరిత్రకారుడు మాత్రమే కాదు. ముందు కవి. తన కావ్యానికి ప్రధాన రసం శాంతమని ఆయనే చెప్పాడు. రాజ్యాలు పుట్టి కూలడం చూసి చదువరికి వైరాగ్యం కలగాలన్నది లక్ష్యం. అందువల్ల కారణాలు వెతికేటప్పుడు కర్మ, శాపం, విధి మాటిమాటికీ ముందుకొస్తాయి. కావ్య సంప్రదాయం ఇంకొన్నింటిని తెచ్చిపెట్టింది. వాటిలో పెద్దది దిగ్విజయం. ఎనిమిదో శతాబ్దపు కశ్మీర రాజు లలితాదిత్యుడు కన్యాకుబ్జపు యశోవర్మను ఓడించాడన్నంత వరకు నమ్మదగినదే. భవభూతి, వాక్పతిరాజు కొలిచిన ప్రభువుగా ఆ యశోవర్మను కల్హణుడు పేర్కొంటాడు. ఆ తర్వాత తూర్పు సముద్రం, కర్ణాటం, కావేరి, పడమటి తీరం, ఉత్తరాన తురుష్కులు అంటూ సాగే ప్రదక్షిణ మాత్రం రఘువంశంలో రఘుమహారాజు చేసిన యాత్ర అచ్చులో పోసినది. ఈ శ్లోకాలను పట్టుకుని లలితాదిత్యుడి సామ్రాజ్యానికి పటాలు గీస్తున్నవారు కావ్యలక్షణాన్ని సైనిక నివేదికగా పొరబడుతున్నారు.

కానీ అదే లలితాదిత్యుడి గురించి అదే తరంగం ఇంకేం చెబుతుందో చూడండి. తాగిన మత్తులో ఒక నగరాన్ని తగలబెట్టమన్నాడు. మంత్రులు గడ్డివాములు అంటించి ఆ మంట చూపించి నగరాన్ని కాపాడారు. పరిహాసకేశవ స్వామిని సాక్షిగా పెట్టి అభయమిచ్చిన గౌడరాజును చంపించాడు. ఆ గౌడుడి సేవకులు అంత దూరం నుంచి యాత్రికుల్లా వచ్చి, పరిహాసకేశవుడనుకుని రామస్వామి విగ్రహాన్ని పగలగొట్టి, అక్కడే ఒక్కొక్కరుగా నేలకొరిగారు. రామస్వామి గుడి నేటికీ శూన్యంగా ఉంది, గౌడవీరుల కీర్తితో మాత్రం లోకం నిండి ఉంది అంటాడు కల్హణుడు. కశ్మీరపు మహారాజు తప్పు చేశాడు, పరదేశపు సేవకులు గొప్పవాళ్లు. మార్తాండ ఆలయం కట్టించిన రాజును ఆకాశానికెత్తిన చేతితోనే ఇది రాశాడు. ఈ శ్లోకాలు చదివిన ప్రతిసారీ నాకు ‘స్థేయుడు’ అన్న మాట గుర్తొస్తుంది.

లలితాదిత్యుడి అన్న చంద్రాపీడుడి కథ ఇంకా చిన్నది, ఇంకా లోతైనది. రాజు గుడి కట్టించే స్థలంలో ఒక చర్మకారుడి గుడిసె ఉంది. అతడు ఇవ్వనన్నాడు. అధికారులు ఫిర్యాదు చేస్తే రాజు తప్పు చర్మకారుడిది కాదు, అడగకుండా పని మొదలుపెట్టిన మీదే అన్నాడు. నీకు నీ భవనం ఎలాగో పుట్టినప్పటి నుంచి నా సుఖదుఃఖాలు చూసిన ఈ గుడిసె నాకు తల్లిలాంటిది అని చర్మకారుడు చెప్పాడు. రాజు స్వయంగా అతడి ఇంటికి వెళ్లి అడిగి, వెల ఇచ్చి తీసుకున్నాడు.

అయిదో తరంగంలో సుయ్యుడు వస్తాడు. అవంతివర్మ కాలం (855-883). వితస్త (ఇప్పటి జీలం) వరదలతో పంట నిలవక, కరువులో ఖారి బియ్యం 1,050 దీనారాల దాకా పోయింది. ఖారి అంటే మన పుట్టి లాంటి ధాన్యపు కొలత. సుయ్యుడు కుండలో దొరికిన అనాథ శిశువు. పెంచిన చండాల స్త్రీ పేరే అతడి పేరు. ఖజానా నుంచి నాణేల కుండలు తీసుకెళ్లి యక్షదరం దగ్గర దోసిళ్లతో నదిలో పోశాడు. పిచ్చివాడనుకున్నారు. ఆకలితో ఉన్న జనం నాణేల కోసం నదిలో దిగి, ప్రవాహాన్ని అడ్డుకున్న బండలన్నీ తీసి గట్టున పడేశారు. ఆపైన నదికి అడ్డుకట్ట వేసి, ఏడు రోజుల్లో అడుగు శుభ్రం చేయించి, కట్ట తెంచాడు. ఒక్కో ఊరి మట్టి తెప్పించి, తడిపి, ఆరడానికి ఎంతకాలం పడుతుందో చూసి నీటి వంతులు నిర్ణయించాడు. మంచి పంటలున్న రోజుల్లోనూ 200 దీనారాలుండే ఖారి 36కు దిగింది. అతడి పేరిట వెలసిన సుయ్యాపురమే ఇప్పటి సోపోర్. యుద్ధాల కంటే బియ్యం ధరను శ్రద్ధగా రాసుకున్న చరిత్రకారుడు నాకు ప్రియమైనవాడు.

దగ్గరి కాలానికి వచ్చేకొద్దీ కొత్త ప్రమాదం మొదలవుతుంది. దూరపు కాలంలో సాక్ష్యం చాలదు, సొంత కాలంలో మమకారం అడ్డొస్తుంది. కల్హణుడి తండ్రి చంపకుడు కశ్మీరపు హర్షరాజు (1089-1101; బాణుడు రాసిన హర్షుడు కాదు) కొలువులో ద్వారపతి, అంటే పర్వతమార్గాల కాపలా చూసే పెద్ద అధికారి. చివరిదాకా హర్షుడిని విడవనివాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు హర్షుడి గురించి ఏం రాశాడు? హర్షుడు సంగీతజ్ఞుడు, కవి, దాత అన్నాడు. ఆలయాల సంపద దోచడానికి ‘దేవోత్పాటననాయకుడు’ అనే పదవినే సృష్టించి ఉదయరాజుకు కట్టబెట్టాడనీ రాశాడు. కనకుడనే గాయకుడు వేడుకోవడం వల్ల పరిహాసపురంలోని పెద్ద బుద్ధవిగ్రహం బతికిపోయింది. అతడు కల్హణుడి పినతండ్రేనని పండితుల నిర్ణయం. హర్షుడి చివరి గడియలు కళ్లకు కట్టినట్టుంటాయి. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడిన ముక్తుడనే సేవకుడు చంపకుడి పరివారంలోనివాడు. ఏ సాక్షి నుంచి ఏ దృశ్యం వచ్చిందో ఇక్కడ మనకు చూచాయగా తెలుస్తుంది.

ఆయనకు ద్వేషాలు లేవని నేను చెప్పను. భూములు, ఆయుధాలు చేతబట్టి రాజులను ఆడించిన డామరుల మీద, పన్నులు పిండే కాయస్థుల మీద మంట దాచుకోలేదు. మాటకొస్తే ప్రాయోపవేశానికి కూర్చునే పురోహితుల మీద చిరాకు కూడా దాచలేదు, తానూ బ్రాహ్మణుడై ఉండి. పదో శతాబ్దం చివర కశ్మీరాన్ని ఏలిన దిద్దారాణి చిత్రంలో స్త్రీల మీద ఆనాటి కావ్యాల్లో ఉండే దురభిప్రాయం దట్టంగా ఉంది. మనుమలను ఒక్కొక్కరినే తొలగించిందని, పశువుల కాపరి తుంగుడిని దగ్గరకు తీసిందని కోపంగా రాస్తాడు. అయినా అరాచకంలో రాజ్యాన్ని నిలిపిన ఆమె సామర్థ్యం ఆయన రాసిన శ్లోకాల్లోంచే బయటపడుతుంది. తీర్పును ఒప్పుకోకపోవచ్చు, సాక్ష్యాన్ని మాత్రం ఆయన దాచలేదు. ఆశ్రయమిచ్చినా ఇవ్వకపోయినా, రాస్తున్న కాలంలో సింహాసనం మీదున్న సుస్సలుడి కొడుకు జయసింహుడి విషయంలోనే కలం కాస్త మెత్తబడింది. అక్కడ చదువరి జాగ్రత్తపడాలి.

ఈ చివరి తరంగాలకు బయటి సాక్ష్యం దక్కను నుంచి దొరుకుతుంది. కశ్మీర కవి బిల్హణుడు హర్షుడి తండ్రి కలశుడి కాలంలో స్వదేశం విడిచి, తిరిగి తిరిగి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కొలువు చేరాడు. ఆ కల్యాణి తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఇప్పటి బసవకల్యాణ్. మన అనుమకొండ కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యుల సామంతులు. బిల్హణుడు తన కావ్యం చివరి సర్గలో అనంతుడు, కలశుడు, హర్షుల కశ్మీరాన్ని వర్ణించాడు. కల్హణుడికి దాదాపు అరవై ఏళ్ల ముందు, వందల కోసుల దూరంలో రాసిన మాటలవి. కల్హణుడు కూడా బిల్హణుడి ప్రయాణాన్ని ప్రస్తావించాడు. హర్షుడు కర్ణాటపు పద్ధతిలో నాణేలు ముద్రించాడనీ చెప్పాడు. ఇలా రెండు గొంతులు కలిసిన చోట మన నమ్మకం బలపడుతుంది.

ఈ నది కల్హణుడితో ఆగలేదు. పదిహేనో శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ ఆదరణలో జోనరాజు, ఆ తర్వాత శ్రీవరుడు దీన్ని కొనసాగించారు. అక్బర్ కాలానికి పారశీకంలోకీ వెళ్లింది. మూలపాఠానికి ఆధారమైన పాత ప్రతి పదిహేడో శతాబ్దంలో రాజానక రత్నకంఠుడు రాసినది. వారసులు దాన్ని మూడు ముక్కలుగా పంచుకుని దాచుకున్నారు. ఐరోపా సంస్కృత పండితుడు ఆరెల్ స్టెయిన్ వాళ్లను ఒప్పించి 1889లో దాన్ని చూడగలిగాడు. 1892లో మూలాన్ని, 1900లో ఆంగ్లానువాదాన్ని ప్రచురించాడు. శ్లోకాలు చేతబట్టుకుని లోయంతా నడిచి ఏ ఊరు ఏదో గుర్తించాడు. రాజుల సంవత్సరాలు తప్పిన చోట కూడా కొండలు, కోనలు, కాలువల విషయంలో కల్హణుడు ఎంత నిక్కచ్చిగా ఉన్నాడో ఆ నడకలోనే తేలింది.

కల్హణుడు పుస్తకాన్ని ఎలా ముగించాడో తెలుగువారు తప్పక చూడాలి. వితస్త ఒడ్డున పుట్టి, తన గ్రంథానికి నది పేరు పెట్టుకున్న ఆ కవి, కడపటి శ్లోకంలో పోలికకు ఎంచుకున్నది వితస్తను కాదు, గంగను కాదు, మన గోదావరిని. గోదావరి ఏడు ముఖాలతో, ఉరకలెత్తే అలలతో సముద్రంలోకి దిగినట్టు, ఈ రాజతరంగిణి కూడా ఏడు ముఖాలతో వచ్చి, జయసింహుడి పూర్వీకుడు కాంతిరాజు వంశమనే కడలిలో విశ్రాంతి కోసం కలుస్తోంది అన్నాడు. ఏడు తరంగాలు ఏడు పాయలు, తాను బతికిన కాలాన్ని చెప్పే ఎనిమిదోది సముద్రం.